బుజ్జీ, ఆ వెర్బుల చార్ట్ గోడకి అతికించే ముందు ఇది చదువు

బుజ్జీ,

డీఎస్సీలో నీకు ఇంగ్లిష్ స్కూల్ అసిస్టెంట్ వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పగానే ఇల్లంతా తిరిగి అందరికీ చెప్పాను తల్లీ, అంత సంబరమేసింది. జాయినింగ్ కాగితాలు రెండేసి జిరాక్సులు తీసి దాచుకో. తర్వాత మీ అమ్మ చెప్పిన మాటకే నాకు గుబులు పట్టుకుంది, క్లాసులో వెర్బులన్నిటికీ ఎదురుగా తెలుగు అర్థం రాసి చార్ట్ పెడతావట కదా. రన్, డాష్, స్కర్రీ, స్కాంపర్, అన్నిటికీ "పరుగెత్తు" అనే కదా రాస్తావు?

నేను పనిచేసిన ఒక బడిలో తొమ్మిదో తరగతి పిల్లాడు, వాళ్ల నాయనమ్మ బావి దగ్గర జారిపడిన రోజు గురించి పేరాగ్రాఫ్ రాశాడు. అందులో "వి స్కాంపర్డ్ టు ద హాస్పిటల్" అన్నాడు. గైడులో స్కాంపర్ అంటే వేగంగా పరుగెత్తు అని ఉంది, వాడు నమ్మాడు, వాడి తప్పేముంది చెప్పు. కానీ ఇంగ్లిష్ తెలిసినవాళ్లకి అదెలా వినబడుతుందంటే, ముసలావిడ పడిపోతే ఇంటిల్లిపాదీ చెంగుచెంగున గెంతుకుంటూ ఆస్పత్రికి పోయినట్టు. వాళ్ల సారు ఆ వాక్యం పైకి చదివి పడీపడీ నవ్వాడు, క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత వాడు ఇంగ్లిష్‌లో సొంతంగా ఒక్క ముక్క రాస్తే ఒట్టు, బోర్డు మీదది దించుకోవడమే. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అక్కడ "రష్డ్" అని రాయాలి నాన్నా అంటే అయిపోయేది కదా!

అందుకే ముందు ఎవరు పరిగెడుతున్నారో చూపించు. ఉడత, ఎలుక, కుక్కపిల్ల, చిన్నపిల్లలు, వీళ్లకే స్కాంపర్ ఎక్కువ నప్పుతుంది, ఏనుగుకి నప్పదు, అడుగులు చిన్నగా తేలిగ్గా పడాలి. స్కర్రీలో కంగారుంటుంది, స్కటిల్ పీతలకీ బొద్దింకలకీ వాడతారు. బడిలో వేపచెట్టుంటే పిల్లల్ని దాని కిందికే తీసుకెళ్లు, ఉడత తోకెత్తి ఒక్క క్షణం ఆగి, మనం కాలు కదపగానే తుర్రున కొమ్మ వెనక్కి పోతుంది చూడు, అప్పుడు "ద స్క్విరల్ స్కాంపర్డ్ అప్ ద ట్రీ" అను. అప్, ఆఫ్, అవే, అక్రాస్ లాంటివి దాని వెనకే వస్తాయి, విడిగా నేర్పకు.

క్రికెట్ పిచ్చోళ్లకి "స్కాంపర్డ్ త్రూ ఫర్ ఎ సింగిల్" చెప్పు, ఫీల్డర్ బాల్ అందుకునేలోపు కొట్టేసే దొంగ పరుగు. అక్కడ ఎంత పెద్ద ప్లేయరైనా స్కాంపర్ అవుతాడు. 17వ శతాబ్దం చివర్లో ఈ మాట పుట్టినప్పుడు పారిపోవడం అనే అర్థమే ఉండేది, ఆ వాసన ఇక్కడ ఇంకా ఉందనిపిస్తుంది నాకు.

ఎవడో ఒకడు "స్కాం చేసేవాడా టీచర్?" అని తప్పకుండా అడుగుతాడు. నవ్వావంటే ఊరుకోను. టీచ్ చేస్తే టీచర్ అని నేర్చుకున్నవాడికి స్కాం చేస్తే స్కాంపర్ అనిపించడం తెలివే కదా. వాడు స్కామర్ రా, రెండు ఎమ్‌లు, పి ఉండదు అని బోర్డు మీద రాసి చూపించు చాలు.

చార్ట్ పేపర్లు కొనేసి ఉంటే పారెయ్యకు, పిల్లలు సొంతంగా రాసిన వాక్యాలు వాటి మీద అతికించు, తప్పులున్నా సరే. పోస్టింగ్ ఏ ఊరో తెలియగానే ఫోన్ చెయ్యి, బస్సులు ఉన్నాయో లేవో నేను కనుక్కుంటా. మధ్యాహ్నం తిండి మానకు.

మీ పెద్దమ్మ