ఒక్క పూటే చేతిలో ఉంటే రంభ నుంచే బోటు ఎక్కండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నవంబర్ ఆఖర్లో మీ తమ్ముడి పాసింగ్ అవుట్ పెరేడ్ కోసం టెక్కలి నుంచి కారులో ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డున ఉన్న నేవీ శిక్షణ కేంద్రం ఐఎన్‌ఎస్ చిల్కాకి వస్తున్నారు. పెరేడ్ సాయంత్రం. ఆ రాత్రి బాలుగావ్‌లో ఉండి, మర్నాడు గైడ్ ఉన్న బోటులో ఏదైనా దీవి చూసి, చీకటి పడేలోపు ఇల్లు చేరాలి. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, పైగా నీళ్ళంటే భయం. పిల్లలిద్దరికీ డాల్ఫిన్లు కావాలి. బాలుగావ్‌లో ఒక ఏజెంట్ కాళీజాయి గుడి ఉన్న దీవి, నలబన పక్షుల దీవి, డాల్ఫిన్లు, సముద్రం కలిసే చోటు, అన్నీ ఒక్కరోజులో చూపించేస్తానని ఫోన్లో చెప్పాడు. ఒప్పుకోవచ్చా అని అడిగారు.

ఒప్పుకోవద్దండి. మాది బరంపురం. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి బంధువులు ఎవరొచ్చినా వాళ్ళకి చిలికా చూపించే పని ఏళ్ళ తరబడి నాదే. మీలాగే కొడుకు పెరేడ్ కోసం వచ్చిన మా పెద్దమ్మ వాళ్ళనీ నేనే తీసుకెళ్ళాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మ్యాప్ ఒకసారి తీసి చూడండి. చిలికా పొడవు 64 కిలోమీటర్ల దాకా ఉంటుంది. వానలు పడ్డాక నీళ్ళు 1,100 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకుంటాయి. మీరు ఉండే బాలుగావ్, దాని పక్కనున్న బర్కుల్ పడమటి ఒడ్డున ఉన్నాయి. డాల్ఫిన్లు ఎక్కువగా తిరిగేది అవతలి ఒడ్డున, సాతపడా దగ్గర, సరస్సు నుంచి సముద్రానికి వెళ్ళే పాయలో. రోడ్డు మీద సాతపడా చేరాలంటే భువనేశ్వర్, పూరీ చుట్టి రావాలి. బర్కుల్ నుంచి మోటారు పడవలోనే వెళ్ళొద్దామంటే పగలంతా ఆ పడవ మీదే గడిచిపోతుంది. నెత్తిన ఎండ, చెవిలో ఇంజన్ మోత. అమ్మగారిని అన్ని గంటలు చెక్క బల్ల మీద కూర్చోబెట్టకండి. నలబన సంగతి కూడా వినండి. అది 1987లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించిన చోటు. వానాకాలంలో ఆ దీవి నీళ్ళలో మునిగిపోయి, చలికాలానికి మళ్ళీ తేలుతుంది. పక్షులు అక్కడ నిశ్చింతగా మేయాలి కాబట్టి మామూలు టూరిస్టు బోట్లు దూరం నుంచి చూపించి తిప్పేస్తాయి తప్ప దిగనివ్వరు.

డాల్ఫిన్ల గురించి పిల్లలకి ముందే చెప్పి ఉంచండి. చిలికాలో ఉండేవి ఇరావడీ డాల్ఫిన్లు. గుండ్రటి తల, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు ఉండదు. టీవీలో చూసినట్టు గాల్లోకి ఎగిరి పల్టీలు కొట్టవు. వీపు కొంచెం పైకి తేలుతుంది, ఊపిరి తీసుకున్న చప్పుడు వినిపిస్తుంది, అంతలో మునిగిపోతాయి. సరస్సు మొత్తం మీద ఉన్నవి 150కి కాస్త అటూ ఇటూ. సాతపడాలో ఒకసారి నా కళ్ళ ముందే అరడజను బోట్లు ఒకే డాల్ఫిన్ వెనక పడ్డాయి. మా పడవ అతన్ని బతిమాలి ఇంజన్ ఆపించాను. మిగిలినవాళ్ళు ఆపలేదు. పడవ ఇంజన్ల ఫ్యాను రెక్కలు తగిలి, వలల్లో చిక్కుకుని అవి చచ్చిపోతున్న మాట నిజం. కాబట్టి ఎప్పుడైనా పూరీకి వెళ్ళినప్పుడు దానికంటూ ఒక పొద్దు కేటాయించి సాతపడా వెళ్ళండి. ఇంజన్ ఆపి కాసేపు ఎదురుచూసే పడవ మనిషిని అడిగి మరీ పెట్టుకోండి. అటు సముద్రం కలిసే చోట ఇసుక మీద ముత్యపు చిప్పలు పగలగొట్టి అప్పటికప్పుడు ముత్యాలు, రంగు రాళ్ళు తీసి చూపించి అమ్ముతారు. అవి కొనకండి, చిప్పలో ముందే పెట్టినవి.

ఇక మీకు నేను చెప్పేది రంభ. బాలుగావ్ నుంచి మీరు ఇంటికి తిరిగొచ్చే హైవే మీదే ఉంది, గంజాం జిల్లాలోకి రాగానే. దక్షిణపు కొసన కొండల మధ్య ఇమిడిన అఖాతం అది. సరస్సు ఉత్తరం వైపు దయా, భార్గవి నదులు మహానది నీళ్ళు, బురద తెచ్చి పోస్తాయి. ఆ బురద ఇక్కడిదాకా అంతగా రాదు. అందుకే రంభ దగ్గర నీళ్ళు తేటగా ఉంటాయి, ఒడ్డుకి దగ్గరగా వెళ్ళినప్పుడు అడుగున ఎర్రగా, ఆకుపచ్చగా నాచు కనిపిస్తుంది. దీవులు కూడా దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒక పూటలో మూడు నాలుగు నింపాదిగా చూసి, మధ్యాహ్న భోజనానికి ఒడ్డుకి వచ్చేయొచ్చు.

మేము పెద్దమ్మతో వెళ్ళినప్పుడు ముందుగా బీకన్ దీవి చుట్టూ తిప్పారు. దీవి అంటే పెద్దదేం కాదు, నీళ్ళలోంచి లేచిన బండ. దాని మీద కోసుగా ఉండే ఒక కట్టడం. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో గంజాం కలెక్టరుగా చేసిన స్నాడ్‌గ్రాస్ కట్టించాడు. తర్వాత బ్రేక్‌ఫాస్ట్ దీవి. ఖల్లికోట రాజులు కట్టుకున్న బంగళా గోడలు శిథిలమై అక్కడ ఇంకా ఉన్నాయి. అక్కడ దిగి కాసేపు చెట్ల కింద కూర్చోవచ్చు. బర్డ్స్ ఐలాండ్‌లో పెద్ద పెద్ద బండలు నీటి మీదకు వంగి ఉంటాయి, పక్షుల రెట్టలతో సున్నం వేసినట్టు తెల్లగా మెరుస్తాయి. దాని పక్కగా పోతున్నప్పుడు పిల్లల్ని కేకలు వేయనివ్వకండి. అరిస్తే ఉన్న పక్షులన్నీ లేచిపోతాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది బార్కుడా. టూరిస్టుల కోసం దాన్నే హనీమూన్ ఐలాండ్ అంటారు, రంభ ఒడ్డు నుంచి సుమారు 5 కిలోమీటర్లు. దట్టంగా చెట్లు. ఈ చిన్న దీవిలోనే కాళ్ళు లేని ఒక బల్లిజాతి జీవిని 1917లో నెల్సన్ అన్నండేల్ అనే జంతుశాస్త్రవేత్త మొదటిసారి వివరించాడు. దాని శాస్త్రీయ నామం బార్కుడియా ఇన్సులారిస్, అంటే ఈ దీవి పేరే పెట్టాడు. చూడ్డానికి వానపాములా ఉంటుంది, మట్టిలోనే బతుకుతుంది. మీకు కనిపించదు, వెతకొద్దు కూడా. ఆకులూ రాళ్ళూ తిరగేస్తే దాని ఇల్లు పాడుచేసినట్టే. కానీ ఈ కథ పిల్లలకి దీవి చేరకముందే చెప్పండి. మా పెద్దమ్మ మనవడు డాల్ఫిన్ల మాట మర్చిపోయి, దిగిన దగ్గర్నుంచి నేల వంకే చూస్తూ నడిచాడు, ఎక్కడ అడుగు వేస్తే దాని మీద పడుతుందోనని.

గైడ్ విషయం. ఇక్కడ విడిగా గైడ్ అక్కర్లేదు, మంచి పడవ మనిషే గైడ్. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ గంజాం అంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఇప్పటికీ జిల్లా తీరం పొడుగునా తెలుగు మాట్లాడే నోళియా మత్స్యకారుల ఊళ్ళున్నాయి. జెట్టీ దగ్గర తెలుగులో గట్టిగా ఒక మాట అడిగి చూడండి, జవాబిచ్చేవాళ్ళు దొరుకుతారు. అలాంటి మనిషితో వెళ్తే వలలు ఎలా కడతారో, ఏ నెలలో ఏ చేప వస్తుందో, 2000 సంవత్సరంలో సరస్సు సముద్రంలో కలిసేలా కొత్త మొగ తవ్వాక సరస్సులో ఏం మారిందో అన్నీ చెబుతాడు. అది నిజంగా పెద్ద సంగతి. పాత మొగ ఇసుకతో పూడిపోయి ఉప్పునీరు రాక, సరస్సు కలుపుతో నిండి, చేప పడక జనం అల్లాడారు. అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలగా 1981లో రామ్‌సర్ జాబితాకి ఎక్కిన ఈ సరస్సు, 1993లో ప్రమాదంలో ఉన్నవాటి లెక్కలోకి పోయింది. కొత్త మొగ తవ్విన తర్వాత 2002లో ఆ లెక్క నుంచి బయటపడింది. అదంతా వలలు వేసి బతికిన మనిషి నోట వినాలి.

అమ్మగారి భయం గురించి. మా పెద్దమ్మ కూడా జెట్టీ మీద నిలబడి నేను రాను, మీరు వెళ్ళిరండి అనేసింది. బలవంతం చెయ్యలేదు. పడవ కదలకుండా ఇద్దరు పట్టుకుని, ఆవిణ్ణి మధ్యలో బల్ల మీద కూర్చోబెట్టి, లైఫ్ జాకెట్ బకిల్స్ నేనే బిగించాను. కొంత దూరం పోయాక ఒడ్డుకి బాగా అవతల జాలర్లు నడుంలోతు నీళ్ళలో నిలబడి వల లాగుతూ కనిపించారు. అది చూశాక ఆవిడ టెన్షన్ సగం పోయింది. చిలికా చాలాచోట్ల రెండు మూడు మీటర్ల లోతే. అలాగని జాకెట్ తీసేయొద్దు. లోతు తక్కువ కాబట్టే గాలి లేచిందంటే పొట్టి అలలు తొందర తొందరగా వచ్చి పడవని కుదిపేస్తాయి. ఆ గాలి సాధారణంగా మధ్యాహ్నం దాటాక పెరుగుతుంది. అందుకే పొద్దున్నే బయలుదేరండి. పొగమంచు ఉంటే అది విడిపోయేదాకా ఆగండి, పడవవాడు పర్వాలేదన్నా సరే.

మోకాళ్ళ నొప్పి ఉంది కాబట్టి ఒక విషయం ముందే అడగాలి: ఏ దీవి దగ్గర పడవ పొడి నేలకి ఆనుతుంది, ఎక్కడ చీలమండ లోతు నీళ్ళలో దిగాలి. నీళ్ళలో దిగాల్సిన చోట అమ్మగారు పడవలోనే ఉండొచ్చు, ఎవరో ఒకరు తోడు కూర్చోండి. దీవుల మీద బాత్రూమ్ ఉంటుందన్న ఆశ పెట్టుకోకండి. బోటు ఎక్కేముందు ఒడ్డునే ఆ పని కానిచ్చుకోవాలి. తాగే నీళ్ళు, టోపీలు, అమ్మగారి మందులు మీ వెంటే ఉండాలి. ప్లాస్టిక్ ఏదీ దీవి మీద వదలొద్దు.

బేరం దగ్గర నేను చూసుకునేవి: రేటు బోటుకా, మనిషికా. ఎన్ని గంటలు. ఏ దీవులు, ఎక్కడ దింపుతారు, ఎంతసేపు ఆగుతారు. ఎంతమంది ఉంటే అన్ని జాకెట్లు, పిల్లల సైజువి కూడా, ఎక్కకముందే కళ్ళతో చూడాలి. హైవే మీద కారు ఆపి కార్డు ఇచ్చేవాళ్ళతో మాట్లాడొద్దు, జెట్టీ కౌంటర్ దగ్గరికే వెళ్ళండి. ఒడిశా టూరిజం వాళ్ళ హోటల్ పాంథనివాస్ రంభలోనూ బర్కుల్‌లోనూ ఉంది, అక్కడ వాకబు చెయ్యొచ్చు. వీలైతే పెరేడ్ రాత్రి రంభలోనే గది తీసుకోండి, పొద్దున ప్రయాణం మిగులుతుంది.

అమ్మగారికి గుడే కావాలంటే మాత్రం నా సలహా మారుతుంది. అప్పుడు బర్కుల్ నుంచి కాళీజాయి వెళ్ళండి. అత్తవారింటికి పడవలో వెళ్తూ గాలివానలో మునిగిపోయిన జాయి అనే పిల్ల ఈ అమ్మవారైందని ఇక్కడివాళ్ళ నమ్మకం. చిలికాలో చేపలు పట్టేవాళ్ళెవరూ ఆవిడకి దణ్ణం పెట్టకుండా పడవ తియ్యరు. రేవుకి గుడి దగ్గరే కాబట్టి పెద్దవాళ్ళకి ఇబ్బంది లేదు. మీరు వచ్చేది నవంబర్‌లో కనుక సరిపోయింది. మకర సంక్రాంతి జాతరప్పుడైతే పెద్దవాళ్ళతో వెళ్ళమని చెప్పను, అంత జనం ఉంటారు. కానీ కాళీజాయి, రంభ రెండూ ఒకే పూటలో పెట్టుకోవద్దు. ఏదో ఒకటి.

వాతావరణం మాట తిత్లీ తుపాను చూసిన మీకు నేను చెప్పాల్సిన పని లేదు. అది 2018 అక్టోబర్‌లో వచ్చింది, అంతకు ముందు ఫైలిన్ 2013 అక్టోబర్‌లో ఇక్కడే గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. నవంబర్‌లోనూ బంగాళాఖాతంలో తుపానులు వస్తాయి. బయలుదేరే ముందురోజు వాతావరణ శాఖ హెచ్చరిక చూసి, మత్స్యకారుల్ని వేటకు వెళ్ళొద్దన్నారంటే బోటు ఆలోచన మానేయండి. అడ్వాన్స్ పోయినా పోనివ్వండి.

వలస పక్షులు అక్టోబర్ నుంచే దిగుతాయి, మీరు వచ్చేసరికి బాగానే ఉంటాయి. పక్షుల మీదే మనసున్నవాళ్ళు ఉంటే ఉత్తరం వైపు టాంగీ దగ్గర మంగళాజోడి అని ఊరుంది. ఒకప్పుడు అక్కడ పక్షుల్ని వేటాడినవాళ్ళే ఇప్పుడు వాటికి కాపలా కాస్తూ, గడ కర్రతో నడిపే పడవల్లో జనానికి చూపిస్తున్నారు. ఇంజన్ చప్పుడు ఉండదు కాబట్టి పక్షులు దగ్గర నుంచి కనిపిస్తాయి. అది వేరే ప్రయాణం, ఇందులో కలపకండి.

ఒడ్డుకి వచ్చాక రంభలోనే తినేయండి. పీతలు, రొయ్యలు, ఖైంగా చేప ఇక్కడివే. కారం తక్కువ వేయమని పిల్లల కోసం ముందే చెప్పండి, పీతల కూర వండటానికి టైం పడుతుంది కనుక పొద్దున బోటు ఎక్కేముందే ఆర్డర్ ఇచ్చి వెళ్తే వచ్చేసరికి సిద్ధంగా ఉంటుంది. భోజనం చేసి బయలుదేరితే హుమ్మా దగ్గర ఉప్పుమళ్ళు, గంజాం దగ్గర ఋషికుల్యా వంతెన, ఛత్రపురం, బరంపురం బైపాస్ దాటి వెలుతురుండగానే ఇచ్ఛాపురం పడతారు. తమ్ముడికి సెలవు ఇచ్చి మీతో పంపిస్తే బోటులో ఒక సీటు, ఒక జాకెట్ ఎక్కువ చెప్పుకోవడం మర్చిపోకండి.