లామార్క్ ఏంజెల్ తోక పైకెత్తి ఈదుతోంది, మేత ముట్టడం లేదు

ప్రశ్న: మా ఇంట్లో 600 లీటర్ల సముద్రపు అక్వేరియం ఉంది. అందులో పగడాలు పెంచుతున్నాం. ఏంజెల్ చేపలు పగడాలను కొరుకుతాయని భయపడి, శాంతమైనదని పేరున్న లామార్క్ ఏంజెల్స్ రెండు తెచ్చాం. వారమైంది. ఒకటి బాగానే తింటోంది. రెండోది తల కిందికి, తోక పైకి పెట్టి ఆగకుండా ఈదుతోంది, మేత ముట్టడం లేదు. ఏం చేయాలి? పగడాలకు ప్రమాదం ఉందా? రెండూ కలిసి ఉంటాయా?

జవాబు: పగడాల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ తోక సంగతి. అది గాలితిత్తిలో (నీటిలో తేలడానికి చేప ఒంట్లో ఉండే గాలి సంచిలో) గాలి ఎక్కువైన చేప ఈదే తీరు. వదిలేస్తే నీటి పైకి తేలిపోతుంది కాబట్టి, కిందే ఉండటానికి రోజంతా రెక్కలాడిస్తూ అలసిపోతోంది. ఆ స్థితిలో దానికి మేత మీద ధ్యాస ఎక్కడుంటుంది?

లామార్క్‌ను సముద్రంలో బాగా లోతు నుంచి పడతారు. 30 మీటర్ల లోతులో ఒత్తిడి నీటి పైన ఉన్నదానికి నాలుగింతలు. అక్కడి నుంచి చేపను గబగబా పైకి తెస్తే గాలితిత్తిలోని గాలి నాలుగింతలకు ఉబ్బుతుంది. బొచ్చె, శీలావతి లాంటి చెరువు చేపలకు గాలితిత్తి నుంచి గొంతుకు సన్నటి గొట్టం ఉంటుంది, ఎక్కువైన గాలిని నోటి గుండా వదిలేస్తాయి. ఏంజెల్‌కు ఆ దారి లేదు. గాలి మెల్లగా రక్తంలోకి ఇంకాల్సిందే. లామార్క్ ఉండే జెనికాంతస్ అనే ఏంజెల్ వర్గంలోనే బెల్లస్ అనే జాతి ఇంకా లోతు చేప, మామూలుగా 50 మీటర్ల కింద తిరుగుతుంది. అందుకే దానిలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

ఆ చేపను విడిగా, లైటు తక్కువగా, నీటి వేగం నెమ్మదిగా ఉండే తొట్టిలో పెట్టండి. దాక్కోవడానికి పీవీసీ గొట్టం ముక్క ఒకటి వేయండి. ఉష్ణోగ్రత 25 డిగ్రీలు, ఉప్పు సాంద్రత 1.025 దగ్గర, పెద్ద అక్వేరియంలో ఉన్నట్టే ఉంచండి. అమ్మోనియా సున్నా ఉండాలి, రోజూ పరీక్షించండి. తేలికపాటి ఉబ్బు అయితే కొన్ని రోజుల్లో తగ్గుతుంది. సూది గుచ్చి గాలి తీసేయమని ఎవరో ఒకరు చెబుతారు. చేతికి అలవాటు లేనివాళ్లు ఆ పని చేస్తే లోపలి అవయవాలకు గాయమై, చీము పడుతుంది. మీరు మాత్రం చేయొద్దు. పొట్ట ఉబ్బినా, మలద్వారం ఎర్రబడినా చేపల వైద్యం తెలిసిన పశువైద్యుడికి చూపించండి.

దాన్ని మార్చేటప్పుడు వల వాడకండి. ఏంజెల్ చెంప దగ్గర వెనక్కి పొడుచుకొచ్చిన ముల్లు ఒకటి ఉంటుంది, అది వల కళ్లలో ఇరుక్కుంటుంది. లాగితే చెంప చిరుగుతుంది. వెడల్పు ప్లాస్టిక్ డబ్బాలోకి తోలి, నీళ్లతో సహా ఎత్తండి.

ఇక మేత. ఈ చేప రాళ్లను గీక్కుని తినేది కాదు. నీళ్లలో కొట్టుకొచ్చే చిన్న చిన్న జీవులను (జీవప్లవకాలను) ఏరుకుని తింటుంది. అడుగుకు చేరిన గుళికలు దాని కంట పడవు. మొదట బతికున్న ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్యల్లాంటి జీవులు) ఇవ్వండి. కదిలేదాన్ని చూస్తే మొండి చేప కూడా ఒకసారి నోరు తెరుస్తుంది. తర్వాత మైసిస్ అనే మరో రకం చిన్న రొయ్యల్లాంటి జీవులకు మార్చండి. గడ్డకట్టిన మైసిస్‌ను గిన్నెలో కరిగించి, ఆ మురికి నీళ్లు పారబోసి, పంపు ధార ముందు చిటికెడు చిటికెడుగా వదలండి. రోజుకు 3, 4 సార్లు వేయండి. ఒక్కసారే గుప్పెడు వేస్తే సగం వృథా, పైగా మిగిలిన మేత కుళ్లి నీళ్లలో నైట్రేట్ పెరుగుతుంది. స్పిరులినా (ఒక రకం నాచు) కలిసిన మేత కూడా అప్పుడప్పుడు ఇవ్వండి.

పగడాల గురించి అంత టెన్షన్ అక్కర్లేదు. కొరికే ఏంజెల్స్ వేరే ఉన్నాయి. వీటిలో ఆకలితో మాడిన చేప ఎక్కడైనా ఒకటి మెత్తటి పగడాన్ని పొడిచి చూడొచ్చు, అంతే. కడుపు నిండా పెట్టడమే దానికి మందు.

జంట విషయానికొస్తే, పొట్ట కింది రెక్కలు చూడండి. నల్లగా ఉంటే మగది, తెల్లగా ఉంటే ఆడది. రెండూ మగవైతే ఒకదాన్ని ఇచ్చేయండి, మీ అక్వేరియంలో పొసగదు. రెండూ ఆడవైతే కంగారు లేదు, వాటిలో పెద్దది కొన్నాళ్లకు మగదిగా మారవచ్చు. ఇవి 20 సెంటీమీటర్లు దాటి పెరుగుతాయి, నిడివిగా ఈదే చోటు కావాలి. ట్రిగ్గర్ చేపల్లాంటి దూకుడువాటిని పక్కన పెట్టకండి. బెదిరితే ఎగిరి బయటపడతాయి కాబట్టి పైన సన్నకన్ను వల మూత తప్పనిసరి.

ఇంకో మాట. జబ్బు అనుమానం వచ్చినా పగడాలున్న అక్వేరియంలో రాగి మందు పోయొద్దు. పగడాలు, రొయ్యలు, నత్తలు చచ్చిపోతాయి. ఆ మందు ఏదైనా ఈ విడి తొట్టిలోనే.