హెల్త్ కార్డు చేతికి వచ్చేదాకా ఖర్చంతా మనదే

తమ్ముడూ, మొన్న మీ అమ్మగారు విశాఖ అక్కయ్యపాలెంలో మా అమ్మ ఇంటికి వచ్చి నీ కాగితాలన్నీ మంచం మీద పరిచారు. నీకు కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలోని బ్రాంప్టన్‌లో ఉద్యోగం కుదిరిందని, కోడలినీ రెండేళ్ల పాపనూ తీసుకుని వెళ్తున్నావని చెప్పారు. అక్కడ వైద్యం ప్రభుత్వమే చూసుకుంటుంది కదా, వీసా చేతిలో ఉంటే మళ్లీ బీమాకు డబ్బులెందుకని నీ సందేహమట. 2011లో మేమూ సరిగ్గా ఇదే మాట అనుకుని విమానం ఎక్కాం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదువు.

ఇక్కడ ఒకప్పుడు ఆరోగ్యశ్రీకి తెల్ల కార్డు ఎలాగో, ఒంటారియోలో ఓహిప్ అనే ప్రభుత్వ బీమాకు ఆకుపచ్చ హెల్త్ కార్డు అలాగ. ఊళ్లో ఉన్నంత మాత్రాన అది రాదు. ఏ హోదాలో దేశంలో ఉన్నావో, ఆ రాష్ట్రంలోనే కాపురం ఉంటున్నావో లేదో, నువ్వు నువ్వేనో కాదో మూడు వేర్వేరు కాగితాలతో చూపించాలి. వర్క్ పర్మిట్ మీద వెళ్లేవాళ్లయితే ఒంటారియో యజమాని దగ్గర కనీసం ఆరు నెలల పూర్తికాలపు ఉద్యోగం ఉన్నట్టు కూడా చూపాలి. నీకు అర్హత ఉంటే నీ భార్యకూ పాపకూ ఉంటుంది. మిగతా నిబంధనలు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉన్నాయి, చూసుకో. అక్కడ రాయని సంగతులు నేను చెబుతాను.

మేము వెళ్లేనాటికి కొత్తవాళ్లు మూడు నెలలు ఆగాల్సి వచ్చేది. ఆ మూడు నెలలకు ప్రైవేటు బీమా తీసుకోమని ఎవరో చెప్పారు. ముగ్గురికీ కలిపి సుమారు 400 డాలర్లు అన్నారు. అప్పటికి డాలరు 47 రూపాయల దాకా ఉంది. దాదాపు 19,000 రూపాయలు! ద్వారకానగర్‌లో మేముండే ఇంటి అద్దెకు మూడు నెలలకు సరిపోయే డబ్బు. తొంభై రోజులే కదా, జాగ్రత్తగా ఉందాంలే అన్నాను. మా ఆయన తీసుకుందామన్నా నేనే పట్టుబట్టి మాన్పించాను.

ఏడో వారంలో అర్ధరాత్రి మా మూడేళ్ల బాబుకు జ్వరం పెరిగి ఫిట్స్ వచ్చాయి. కళ్లు తేలేశాడు. అంబులెన్స్ పిలిచాం, ఆసుపత్రిలో తెల్లవార్లూ కూర్చున్నాం. దేవుడి దయవల్ల ఉదయానికి లేచి పాలు అడిగాడు. రెండు వారాల తర్వాత బిల్లులు వచ్చాయి. ఆసుపత్రికి 940 డాలర్లు, అంబులెన్స్‌కు 240. కార్డు ఉన్నవాళ్లకు అదే అంబులెన్స్ 45 డాలర్లే. మొత్తం 55,000 రూపాయలు దాటింది. ఆ కాగితం వంటగదిలో గ్యాస్ పొయ్యి పక్కన గోడకు అంటించి, క్రెడిట్ కార్డు మీద కడుతూ ప్రతి నెలా పెన్సిల్‌తో మిగిలిన మొత్తం రాసుకునేదాన్ని. పద్నాలుగు నెలలు పట్టింది. మా అత్తగారి కంటి ఆపరేషన్‌కు పంపుతామన్న డబ్బు ఆ ఏడాది పంపలేకపోయాం. ఆ మాట ఆవిడ ఏనాడూ ఎత్తలేదు, నేను మాత్రం మర్చిపోలేదు.

ఆ మూడు నెలల నిరీక్షణను 2020 మార్చిలో ఎత్తేశారు. మీ తరం అదృష్టవంతులు. అయితే నిరీక్షణ లేదు కనుక ఖర్చూ లేదనుకోవద్దు. కాగితాలు సరిగ్గా లేకపోతే ఆ నెలలు మన చేతులారా మనమే తెచ్చుకుంటాం. మా విషయంలో జరిగింది అదే. మూడు నెలలు గడిచాకే దరఖాస్తు పెట్టాలేమో అనుకుని ఇంట్లో కూర్చున్నాం. వెళ్లిన వారమే పెట్టుకోవచ్చని ఆ తర్వాత తెలిసింది.

మొదటిసారి కౌంటర్ దగ్గరికి వెళ్లినప్పుడు నా ఫైలు చూసి నేనే మురిసిపోయాను. విశాఖలో గెజిటెడ్ అధికారి చేత సంతకం, గుండ్రటి ముద్ర వేయించిన నకళ్లు, ఒక్కొక్కటి మూడేసి. వర్క్ పర్మిట్ అసలు కాగితాన్ని విమానాశ్రయంలో పాస్‌పోర్టుకు పిన్నుతో కుట్టి ఇచ్చారు. పోతుందేమోనన్న భయంతో దాన్ని ఊడదీసి సూట్‌కేసు అడుగున, పట్టుచీర మడతలో దాచాను. కౌంటర్‌లో ఉన్న ఆవిడ మా నకళ్లను ఒక్కొక్కటిగా తిప్పి చూసి, పాస్‌పోర్టులో మిగిలిపోయిన రెండు పిన్ను రంధ్రాలను వేలితో చూపించింది. ఈ రంధ్రాల్లో ఉండాల్సిన కాగితం ఏదీ అంది. మన ముద్రలకు అక్కడ విలువ లేదు. అసలు కాగితమే కావాలి.

రెండోసారి అసలు కాగితంతో వెళ్తే చిరునామా దగ్గర ఆగింది. ఒక తెలుగువారి ఇంట్లో కింది అంతస్తులో ఉండేవాళ్లం, అద్దె నగదుగా ఇచ్చేవాళ్లం. ఒప్పందం లేకపోతే నెలకు 50 డాలర్లు తగ్గిస్తామంటే సంతోషంగా ఒప్పుకున్నాను. ఆ 50 డాలర్ల ఆశకు మాకు చిరునామా రుజువే లేకుండా పోయింది. బ్యాంకు కాగితాలేమో మా ఆయన స్నేహితుడి ఇంటి చిరునామాకు వచ్చేవి. అద్దె ఎక్కువైనా సరే, నీ పేరూ నీ భార్య పేరూ రాసిన ఒప్పందం ఉన్న ఇంట్లోనే దిగు.

మూడోసారి ఉద్యోగం ఉత్తరం. ఆయన పనిచేస్తున్నారని మాత్రమే రాసి ఇచ్చారు. పూర్తికాలం అనే మాట లేదు, ఎన్నాళ్లో లేదు. దాన్ని మళ్లీ రాయించడానికి పది రోజులు. వెళ్లిన ప్రతిసారీ ఆయనకు సగం రోజు జీతం కోత.

అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది నా పేరు. మనవాళ్లకు ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి మొత్తం పేరు ఒకే గడిలో రాయించారు. కెనడా వాళ్లు ఉన్న ఆ ఒక్క పేరును తెచ్చి ఇంటిపేరు గడిలో వేశారు. బ్యాంకులో పొడి అక్షరంతో ఒక పేరు, మరోచోట మా ఆయన ఇంటిపేరుతో ఇంకో పేరు. మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులు. ఆయన కార్డు, బాబు కార్డు వచ్చాక నాది రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ పన్ను నొప్పి వచ్చినా, కాలు బెణికినా నోరు మూసుకుని భరించాను. అప్పట్లో నాకు తెలియనిది మరొకటి ఉంది, కార్డు ఉన్నా మామూలు పంటి వైద్యానికి ఓహిప్ వర్తించదు.

నీ భార్య పాస్‌పోర్టు చూశాను. అందులోనూ ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంది. వర్క్ పర్మిట్ దరఖాస్తు ఇంకా పెట్టలేదన్నారు కనుక ఇప్పుడే మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసుకు వెళ్లి సరిచేయించు. దరఖాస్తు పెట్టాక మారిస్తే పాత పేరుతో ఒక కాగితం, కొత్త పేరుతో ఒకటి అయి ఇంకా చిక్కు. మీ పెళ్లి సింహాచలం కొండ మీద జరిగిందట. దేవస్థానం రసీదు ఒక్కటే ఉందన్నారు, అది చాలదు. రిజిస్ట్రేషన్ చేయించి ధ్రువపత్రం ఫైలులో పెట్టుకో. ఈ పనులకు ఇక్కడ రూపాయల్లో అయ్యే ఖర్చు అక్కడ డాలర్లలో అవుతుంది.

కార్డు వచ్చేదాకా ముగ్గురికీ ప్రైవేటు బీమా తీసుకో. వెళ్లి రెండు వారాలయ్యాక తీసుకుంటే మొదటి కొన్ని రోజుల జబ్బులకు వర్తించదని మెలిక పెడతారు, అందుకే బయలుదేరే ముందే తీసుకో. పాపకు సింహాచలం చందనోత్సవం చూపించాలని వెంటనే వెనక్కి వచ్చే ఆలోచన ఉందట. అక్కడ కాపురం పెట్టిన మొదటి 183 రోజుల్లో 153 రోజులు ఒంటారియోలోనే ఉండాలి. అప్పన్న స్వామి మరుసటి ఏడూ నిజరూప దర్శనం ఇస్తాడు.

మీ అమ్మగారు పాపను చూసుకోవడానికి వస్తానంటున్నారు. సందర్శకులకు ఓహిప్ లేదు. నీకు శాశ్వత నివాస హోదా వచ్చాక, తల్లిదండ్రులకు ఇచ్చే సూపర్ వీసా మీద వచ్చినా ఏడాదికి కనీసం 1,00,000 డాలర్ల బీమా మీరే కొని చూపాలి. ఆవిడకు చక్కెర వ్యాధి ఉంది, వయసూ ఉంది, ప్రీమియం ఎక్కువే పడుతుంది. ముందు లెక్క వేసుకుని పిలువు.

భయపెట్టడానికి రాయడం లేదు. మేము ఎవరి సాయమూ లేకుండా అన్నీ నేర్చుకున్నాం. ఇవాళ మిస్సిసాగాలో సొంత ఇంట్లో ఉన్నాం. కిందటి ఏడు మా ఆయనకు గుండెలో స్టెంట్ వేశారు, నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. బయటికి వచ్చేటప్పుడు మేము కట్టింది కారు పార్కింగ్ డబ్బు ఒక్కటే. ఆ రసీదు ఇప్పటికీ నా పర్సులో ఉంది.

వచ్చే బుధవారం దాకా నేను అక్కయ్యపాలెంలోనే ఉంటాను. కంపెనీ పంపిన నియామక ఉత్తరం తీసుకుని సాయంత్రం పూట రా. అందులో పూర్తికాలం అని, ఎన్ని నెలలని ఉందో లేదో చూసి చెబుతాను.