పసుపు గడిలోకి దారి ఏది?

ప్రశ్న: మేం అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో ఉంటున్నాం. ఈ సీజన్‌లో జింక వేటకి లైసెన్సు తీసుకున్నాను. ఆన్‌ఎక్స్ అనే మ్యాప్ యాప్‌లో ప్రభుత్వ భూమి పసుపు గడిగా కనిపిస్తోంది కానీ చుట్టూ ప్రైవేటు రాంచ్‌లే (పశువుల్ని పెంచే పెద్ద క్షేత్రాలు). రెండు ప్రభుత్వ గడులు మూల దగ్గర తాకుతుంటే ఒకదాన్నుంచి ఇంకోదాంట్లోకి ఆ మూల మీదుగా దాటొచ్చని స్నేహితుడు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: మీ రాష్ట్రంలో చాలావరకు నిజమే. రైల్వేలకి గడి విడిచి గడి భూములిచ్చిన 19వ శతాబ్దపు పంపకం వల్ల వచ్చిన తంటా ఇది. 2021లో నలుగురు వేటగాళ్లు ఎల్క్ మౌంటెన్ దగ్గర నిచ్చెన వేసుకుని, ప్రైవేటు నేలమీద కాలు పెట్టకుండా మూల దాటారు. రాంచ్ యజమాని దావా వేస్తే, 2025 మార్చిలో మీ రాష్ట్రం పరిధిలోకి వచ్చే పదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీలు కోర్టు వేటగాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. పక్కనున్న మోంటానా ఆ కోర్టు పరిధిలో లేదు, అక్కడ ఇదే ధైర్యం చేయకండి.

అసలు టెన్షన్ మీ ఫోన్‌తోనే. ఆరుబయట కూడా దాని జీపీఎస్ సుమారు 5 మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. మూల అంటే ఒక బిందువు! నీలి చుక్కని నమ్మి అడుగేస్తే పక్కవాడి పొలంలో ఉంటారు. మూలకి గుర్తుగా సర్వేవాళ్లు పాతిన ఇత్తడి బిళ్ల కళ్లారా కనిపిస్తేనే దాటండి. లేదంటే యాప్‌లో యజమాని పేరుంటుంది, వెళ్లి అడగండి. నన్నడిగితే మొదట చేయాల్సింది అదే. మ్యాప్ మాత్రం ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి, కొండల్లో సిగ్నల్ ఉండదు.