స్కీ జంపింగ్‌లో పని కావాలంటే వేసవి పోటీలే చూడండి

ప్రశ్న: మెకానికల్ ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. వయసు 19. రెండేళ్లుగా స్కీ జంపింగ్ (ఎత్తైన ర్యాంపు మీంచి స్కీలతో జారి గాల్లోకి దూకే ఆట) వేసవి పోటీలైన సమ్మర్ గ్రాండ్ ప్రి ఒక్కటీ వదలకుండా చూస్తున్నాను. ఇప్పుడు మొదలుపెడితే జంపర్‌ని కాగలనా? కాలేకపోతే ఆ ఆటలో నాకు ఇంకేదైనా పని దొరుకుతుందా? ‘మంచే లేకుండా స్కీ ఆటేంటి, ఉత్తుత్తి సీజన్‌ని పట్టుకుని కెరీర్ అంటావేంటి’ అని నాన్న నవ్వుతున్నారు. – ఒక విద్యార్థిని

జవాబు: మొదటి ప్రశ్నకు జవాబు చిన్నదే. కాలేరు. కాస్త మెత్తగా చెబుదామని చూశాను, కుదరలేదు. నార్వే, ఆస్ట్రియా, స్లొవేనియా, పోలండ్, జపాన్ జట్లలో కనిపించేవాళ్లు దాదాపు అందరూ చిన్నప్పుడే బుల్లి ర్యాంపుల మీద మొదలుపెట్టినవాళ్లు. భయం అంటే ఏమిటో తెలియని వయసులో ఒంటికి పట్టాల్సిన విద్య ఇది. 1988 కాల్గరీ ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున దూకిన మైకేల్ ఎడ్వర్డ్స్ కథ మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఇరవై దాటాకే ఈ ఆట పట్టాడు, నిజమే. పాల్గొన్న రెండు పోటీల్లోనూ ఆఖరివాడు. లోకం చప్పట్లు కొట్టింది. కానీ ఆ తర్వాత ఒలింపిక్ అర్హత నిబంధనలు బిగించేశారు. ఇప్పుడు ఆ దారి లేదు.

దూకేవాళ్లకైనా కేవలం ఆట మీదే ఇల్లు గడుస్తుందనుకోకండి. జర్మనీ, ఆస్ట్రియా, ఇటలీల్లో చాలామంది జంపర్లు సైన్యంలోనో, పోలీసు, కస్టమ్స్ శాఖల్లోనో జీతం తీసుకుంటూ ఆడతారు. జపాన్‌లో కంపెనీ జట్లు పోషిస్తాయి.

ఇక మీ నాన్నగారి మాట. అందులో సగం నిజముంది. వేసవి విజేత శీతాకాలంలో రాజు కావాలనేమీ లేదు. 2021 వేసవి టైటిల్ నార్వే ఆటగాడు గ్రానెరూద్‌ది, ఆ తర్వాతి శీతాకాలం వరల్డ్ కప్ జపాన్ ఆటగాడు కొబయాషిది. 2023 వేసవిలో బల్గేరియా నుంచి వచ్చిన వ్లాదిమిర్ జోగ్రాఫ్‌స్కీ అందరినీ దాటేశాడు. చలికాలం రాగానే ట్రోఫీ ఆస్ట్రియా ఆటగాడు స్టెఫాన్ క్రాఫ్ట్ చేతికి వెళ్లింది. పెద్ద జట్లు వేసవిలో తమ మేటి ఆటగాళ్లను కొన్ని పోటీలకే పంపుతాయి. కాబట్టి ట్రోఫీ బరువు విషయంలో ఆయనతో వాదన పెట్టుకోకండి.

మిగతా సగం మాత్రం ఆయనకు తెలిసే అవకాశం లేదు. చలికాలంలో మనం చూసేది ప్రదర్శన, వేసవిలో చూసేది వర్క్‌షాపు. పురుషుల గ్రాండ్ ప్రి 1994 నుంచి ఉంది, మహిళలది 2012 నుంచి. కానీ మంచు లేకుండా దూకే విద్య అంతకన్నా ఎంతో పాతది. తూర్పు జర్మనీలో హాన్స్ రెన్నర్ 1954లో ప్లాస్టిక్ చాపలు పరిచి దూకించాడు. ఇప్పటికీ వాడుతున్నది ఆ ఆలోచననే. ఈసారి పోటీ చూసేటప్పుడు జంపర్‌ని కాసేపు వదిలేసి కింద చూడండి. వాలు పొడవునా కుచ్చుల్లాంటి పచ్చటి ప్లాస్టిక్, దాని మీద చిమ్ముతున్న నీళ్లు. పైన ర్యాంపులో మంచు గాడికి బదులు తడిపి ఉంచిన పింగాణీ గాడి. గంటకు సుమారు 90 కిలోమీటర్ల వేగంతో జారేవాడికి ఆ తడి కాస్త తగ్గినా కాళ్ల కింద తేడా తెలిసిపోతుంది. అది తగ్గకుండా చూసుకునే మనిషి ఒకరు అక్కడెక్కడో ఉంటారు. టీవీలో ఎప్పుడూ కనిపించరు. మీలాంటివాళ్లకు పనులు అలాంటి చోట్లే ఉంటాయి.

మీ చదువుకు అన్నిటికన్నా దగ్గరైనది కొలత. జర్మనీలోని హింటర్‌జార్టెన్ హిల్‌నే (ర్యాంపు, దిగే వాలు కలిపి హిల్ అంటారు) తీసుకుందాం. దాని కె-పాయింట్, అంటే దూరం పాయింట్లు లెక్కించడానికి ఆధారంగా పెట్టుకున్న గీత, 95 మీటర్లు. సరిగ్గా అక్కడ దిగితే 60 పాయింట్లు, ఆపైన మీటరుకు 2. అంటే 100 మీటర్లు దూకితే 70. ఐదుగురు జడ్జీలు 20కి మార్కులు వేస్తారు, అన్నిటికన్నా ఎక్కువదీ తక్కువదీ తీసేస్తారు. మిగిలిన మూడూ 18 చొప్పున అనుకుంటే 54. మొత్తం 124. ఇంతవరకు బడిపిల్లల లెక్క. అసలు చిక్కు గాలితో వస్తుంది. ఎదురుగాలి జంపర్‌ని ఎత్తి పట్టుకుంటుంది కాబట్టి పాయింట్లు కోస్తారు. వెనకగాలి కిందికి నొక్కేస్తుంది కాబట్టి కలుపుతారు. బయల్దేరే గేటును కిందికి దించితే వేగం తగ్గుతుంది, దానికీ పరిహారం ఉంది. ఈ పద్ధతిని మొదట పరీక్షించి చూసింది ఎక్కడనుకున్నారు? 2009 వేసవి గ్రాండ్ ప్రిలో. మీ నాన్నగారు ఉత్తుత్తి అన్న సీజన్‌లోనే. 2022 నవంబరులో పోలండ్‌లోని విస్వాలో వరల్డ్ కప్పే పైన ఐసు గాడి, కింద ప్లాస్టిక్ చాపలతో మొదలైంది. అంటే వేసవి సామాను శీతాకాలంలోకి నడిచి వచ్చేసింది. నవంబరు నాటికి మంచు పడుతుందన్న భరోసా తగ్గిపోతున్న రోజుల్లో చాపలు, ఐసు గాడులు, నీటి ఏర్పాట్లు తెలిసిన ఇంజినీర్ల అవసరం పెరుగుతుందనే నా అంచనా.

రెండోది దుస్తులు, పరికరాలు. బట్ట ఎంత మందం, అందులోంచి గాలి ఎంత దూరుతుంది, జంపర్ ఎత్తుకూ బరువుకూ తగ్గట్టు స్కీ ఎంత పొడవుండాలి, అన్నిటికీ నిబంధన ఉంది. 2025 మార్చిలో ట్రాండ్‌హైమ్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో నార్వే సూట్ల కుట్లలో గట్టి దారం దొరికి ఎంత రగడ అయిందో మీరు చూసే ఉంటారు. ఒక కుట్టు కోసం జంపర్లు, సిబ్బంది సస్పెండ్ అయ్యారు. టెక్స్‌టైల్ వైపు ఆసక్తి ఉన్న స్నేహితులెవరైనా ఉంటే ఈ మాట చెప్పండి. మీకు మాత్రం నేను గాలినే సూచిస్తాను.

కోచింగ్, జడ్జింగ్ గురించి ఎక్కువ చెప్పను. జాతీయ స్కీ సంఘాల ద్వారా, ఏళ్లతరబడి ఆ ర్యాంపుల చుట్టూ తిరిగినవాళ్లకు దొరికే పనులవి.

చాలా ఏళ్ల కిందట ఇలాంటి ప్రశ్నే ఒకటి వస్తే ‘స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ కోర్సు చేయండి’ అని ఒక్క ముక్కలో రాసి పంపేశాను. ఆ అబ్బాయి కోర్సు చేశాడు, ఏ ఆటకు దాన్ని వాడాలో తెలియక తిరిగి నన్నే అడిగాడు. ఆ సిగ్గు ఇంకా ఉంది. అందుకే మీకు కోర్సు పేరు కన్నా ముందు పని చెబుతున్నాను.

అంతర్జాతీయ స్కీ సమాఖ్య ప్రతి పోటీ ఫలితాలనూ పట్టికలుగా ఇస్తుంది. ఎవరు ఏ గేటు నుంచి బయల్దేరారు, ఎంత వేగం, ఎంత దూరం, గాలికి ఎంత కలిపారు, ఎంత కోశారు, జడ్జీల మార్కులతో సహా ఉంటాయి. ఒకే హిల్‌ను ఎంచుకుని, అక్కడ జరిగిన నాలుగైదు వేసవుల పోటీల పట్టికలు దించుకోండి. ఒక్క ప్రశ్న వేసుకోండి: వాలు పక్కన కొన్ని చోట్ల కొలిచిన గాలి, జంపర్ ఎగిరిన ఆ కొద్ది సెకన్లలో నిజంగా తగిలిన గాలి ఒకటేనా? దీన్నే మీ ఫైనలియర్ ప్రాజెక్టు చేసుకోవచ్చు. ఫ్లూయిడ్ మెకానిక్స్ పేపరును పరీక్ష కోసం కాక ఈ ప్రశ్న కోసం చదవండి, పట్టు తేడా మీకే తెలుస్తుంది.

దాంతోపాటు జర్మన్ భాష. ఈ ఆట మనుషుల మధ్య ఇంగ్లిష్‌తో పని జరుగుతుంది, కానీ టీ తాగేటప్పుడు మాట్లాడుకునేది చాలాసార్లు జర్మనే. మాస్టర్స్‌కు ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్, స్లొవేనియాలో ల్యుబ్ల్యానా, నార్వేలో ఓస్లోలోని స్పోర్ట్ సైన్సెస్ విద్యాసంస్థ చూడండి. దరఖాస్తుకు ముందు అక్కడ స్కీ జంపింగ్ మీద పనిచేస్తున్న ప్రొఫెసర్ ఎవరో వెతికి, మీ ప్రాజెక్టు జతచేసి మెయిల్ పెట్టండి. ఉద్యోగాలు మాత్రం తక్కువ, చాలా తక్కువ. మొదటి ఏడాది రెండేళ్లు వాలంటీరుగా, సొంత ఖర్చుతో తిరగాల్సి రావచ్చు. అలా కుదరకపోయినా గాలి నిరోధం లెక్కలు నేర్చినవాళ్లకు సైక్లింగ్‌లో, వాహనాల డిజైన్‌లో, గాలిమరల కంపెనీల్లో చోటుంటుంది.

పట్టికలు దించుకోవడం ఈ వారమే మొదలుపెట్టండి. మొదటి హిల్‌గా హింటర్‌జార్టెన్ అయితే నయం, పైన చేసిన లెక్క చేతిలో ఉంది కదా.