బీమా లేని బండి గుద్దిన తరువాత: మేనకోడలికి ఒక లేఖ

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేసి, నాలుగు రోజుల క్రితం సిగ్నలు దగ్గర ఆగి ఉన్న నీ కారును వెనక నుంచి ఒక బండి గుద్దిందని, ఆ బండికి బీమా లేదని, గుద్దినవాడు వాయిదాల మీద డబ్బు కడతానంటే నువ్వు ఒప్పుకోలేదని, వకీలు అవసరం లేకుండా వ్యవహారమంతా నువ్వే నడుపుకుంటానంటున్నావని చెప్పాడు. వాడి గొంతులో విసుగు వినిపించింది గాని, నాకు మాత్రం ఈ పిల్ల నా పోలికే అని లోలోపల గర్వంగానే అనిపించింది. నీకు దెబ్బలేమీ తగల్లేదని వాడు మూడుసార్లు చెప్పాడు. ఆ మాట విన్నాకే నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో కింద రాస్తాను.

ఫొటోలు తీశావని, పోలీసులకు చెప్పావని, నీ బీమా సంస్థకు అదే రోజు తెలియజేశావని విన్నాను కాబట్టి వాటిని గురించి పొడిగించను. పోలీసు ఫిర్యాదు ప్రతిని మాత్రం చేతికి తెచ్చుకో, నోటిమాటతో ఊరుకోకు. చూసినవాళ్ళ ఫోను నంబర్లు లేకపోతే ఇవాళే వెతుకు, ఎందుకంటే నాలుగు వారాలు గడిస్తే ఎవరికీ ఏదీ గుర్తుండదు.

ఇక అసలు సంగతి. ఆ అబ్బాయి ఏ కాగితం తెచ్చినా సంతకం పెట్టకు. ఎంత చిన్నదైనా, ఎంత మర్యాదగా అడిగినా పెట్టకు. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఇరవై ఏళ్ళ కిందట నేను పెట్టాను.

ఆ రోజు కారు నేనే నడుపుతున్నాను, మీ మామయ్య పక్క సీట్లో ఉన్నారు. వెనక నుంచి ఒక వ్యాను వచ్చి గుద్దింది. దిగి చూస్తే బంపరు కొంచెం నొక్కుకుంది, ఒక లైటు పగిలింది, అంతే. వ్యాను నడిపిన కుర్రవాడికి ఇరవై రెండేళ్ళు కూడా ఉండవు. బీమా కాగితం అడిగితే డాష్‌బోర్డులోంచి తీసి చూపించాడు. నేను సంస్థ పేరు చూశాను గాని తేదీ చూడలేదు. తేదీ చూసింది మీ మామయ్య. దాని గడువు తీరిపోయి అప్పటికి ఐదు నెలలు. ఆ సంగతి బయటపడగానే కుర్రవాడి ముఖం పాలిపోయింది. బండి తనది కాదని, యజమానికి తెలిస్తే ఉద్యోగం పోతుందని, పోలీసులను పిలవవద్దని బతిమాలాడు. చొక్కా జేబులోంచి మడతలు పడ్డ నోట్లు తీసి రెండుసార్లు లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు. తరువాత నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి, "ఈ ప్రమాదానికి సంబంధించి నష్టం పూర్తిగా ముట్టినది, ఇకపై ఎటువంటి క్లెయిము చేయము" అని రాశాడు. అంత చక్కటి వాక్యం ఆ కుర్రవాడికి ఎవరు నేర్పారో అని అప్పుడే అనుమానించవలసింది. నేను జాలిపడ్డాను. వేడెక్కిన బానెట్ మీద కాగితం పెట్టి, సగంలో ఆగిపోయిన పెన్నును విదిలించి మరీ సంతకం చేశాను.

మర్నాడు మీ మామయ్యకు మెడ పట్టేసింది. నిద్రలో పట్టిందనుకుని కాపడం పెట్టాం. మూడో రోజు కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కాయి. వారం తరువాత ఆయన చొక్కా గుండీలు పెట్టుకోలేక అద్దం ముందు నిలబడి ఉంటే చూసి అప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, దెబ్బ తగిలిన రోజే ఎందుకు రాలేదని. ఆ ప్రశ్న తరువాత మమ్మల్ని వదలలేదు, ఎందుకంటే మధ్యలో గడిచిన ఆ వారం రోజుల్లో ఇంకెక్కడో ఏదో జరిగి ఉండవచ్చు కదా అని అవతలివాళ్ళు అనడానికి మేమే చోటిచ్చాం. గ్యారేజీలో బంపరు విప్పితే లోపలి ఇనుప కమ్మీ వంగిపోయి, డిక్కీ అడుగు రేకు ముడతలు పడి ఉంది. చేతిలో పడ్డ నోట్లు ఆ రేకుకే చాలలేదు.

అప్పుడు మా సొంత బీమా సంస్థకు వెళ్ళాం. మాది అన్ని నష్టాలకూ వర్తించే కాంప్రహెన్సివ్ పాలసీయే. సర్వేయరు వచ్చి చూశాడు, అంచనా కూడా వేశాడు. చివరికి ఆ సంతకం సంగతి తెలిసి క్లెయిము తిరస్కరించారు. అప్పటిదాకా మాకు తెలియని సూత్రం ఒకటి అప్పుడు తెలిసింది: బీమా సంస్థ మనకు నష్టం కట్టిన తరువాత, తప్పు చేసినవాడి మీద మనకుండే హక్కు దానికి సంక్రమిస్తుంది; ఆ డబ్బును అది వాడి దగ్గర రాబట్టుకుంటుంది. దీనినే సబ్రొగేషన్ అంటారు. మనమే ముందుగా ఆ హక్కును వదులుకుంటూ సంతకం చేస్తే, రాబట్టుకొనే దారి మూసేశారంటూ మన క్లెయిమును కూడా కాదనగలరు. వాళ్ళను తిట్టుకుని లాభం లేదు, పాలసీ షరతుల్లో ఆ మాట ఉంది, నేనే చదవలేదు. పోలీసు ఫిర్యాదు లేదు, వ్యాను యజమాని పేరు లేదు, చేతిలో ఉన్నదల్లా నా సంతకం ఉన్న కాగితపు నకలు.

మీ మామయ్య నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే కొంత తేలికయ్యేదేమో. ఇప్పటికీ ఆయన చొక్కా పై గుండీ నేనే పెడతాను.

అందుకే, నువ్వు పనులున్నాయని ఇంతవరకు డాక్టరుకు చూపించుకోలేదని మీ నాన్న అంటే నాకు కోపం వచ్చింది. చదువుకున్న పిల్లవు, ఇదేం మొండితనం? వెనక నుంచి గుద్దినప్పుడు మెడ ఒక్కసారిగా వెనక్కీ ముందుకీ ఊగుతుంది; ఆ నొప్పి చాలామందికి కొన్ని గంటలకు గాని, మర్నాటికి గాని బయటపడదు. తల అదిరినప్పుడు కూడా అంతే. రేపు ఉదయమే వెళ్ళు. ఏమీ లేదని చెబితే ఆ మాటనే కాగితం మీద తారీఖుతో రాయించుకో, నా ప్రాణం కుదుటపడుతుంది.

నీ పాలసీ బయటికి తీసి మొదటి నుంచి చివరి దాకా చదువు. థర్డ్ పార్టీ బీమా అన్నది మనవల్ల ఇతరులకు కలిగే నష్టానికి. నీకు నష్టపరిహారం ఇవ్వవలసింది నిజానికి ఆ అబ్బాయి కొనకుండా వదిలేసిన పాలసీ. నీది కూడా కేవలం థర్డ్ పార్టీయే అయితే నీ కారు మరమ్మతుకు అందులోంచి ఏమీ రాదు. సొంత నష్టానికి వర్తించే భాగం ఉంటే, నీ వంతుగా పెట్టుకోవలసిన కొంత మొత్తం పోగా మిగిలింది వాళ్ళు కడతారు. వైద్యఖర్చులకు, వ్యక్తిగత ప్రమాదానికి వేరే భాగాలున్నాయేమో చూడు.

దేశాన్ని బట్టి ఈ దారులు మారతాయి. మా దెబ్బ తరువాత పట్టుదలగా చదివాను కాబట్టి చెబుతున్నాను. బ్రిటన్‌లో 1930లోనే థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసినా, అది లేనివాళ్ళ చేతిలో నష్టపోయినవాళ్ళకు దిక్కు లేకపోవడంతో 1946లో బీమా సంస్థల తరఫున మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో ఏర్పడింది. బాధితులు నేరుగా అక్కడ క్లెయిము చేసుకోవచ్చు. అమెరికాలో ఇలాంటి సందర్భం కోసమే అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్ కవరేజి అని మన సొంత పాలసీలోనే ఒక భాగం ఉంటుంది, కొన్ని రాష్ట్రాల్లో అది తప్పనిసరి. భారతదేశంలో గుద్దిన బండి ఏదో తెలియకుండా పారిపోతే 2022 ఏప్రిల్ 1 నుంచి మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయలు ఇచ్చే పథకం ఉంది గాని, బండి ఏదో తెలిసి బీమా మాత్రమే లేనప్పుడు అది వర్తించదు. 1988 మోటారు వాహనాల చట్టం కింద ట్రిబ్యునల్‌లో డ్రైవరు మీద, యజమాని మీద కేసు వేసుకోవలసిందే. నువ్వున్న చోట ఏది వర్తిస్తుందో, ఎన్ని నెలల్లోపు దరఖాస్తు చేయాలో ముందు తెలుసుకో. గడువు దాటితే ఎంత న్యాయమైన క్లెయిమైనా వినేవాళ్ళుండరు.

బండి యజమాని ఎవరో కనుక్కున్నావా? నడిపినవాడొకడు, యజమాని ఇంకొకడు అయితే ఇద్దరినీ బాధ్యులను చేయగల చోట్లు చాలా ఉన్నాయి, పైగా చేతిలో ఏమైనా ఉంటే అది యజమాని దగ్గరే ఉంటుంది. బీమా కట్టడానికి డబ్బు లేనివాడి మీద కోర్టులో గెలిచినా, గెలిచిన డబ్బు వసూలు కావడం వేరే ప్రయాణమని మనసులో పెట్టుకో. కాబట్టి సొంత పాలసీలోంచి వచ్చేదంతా ముందు రాబట్టుకుని, మిగిలినదాని కోసం అతని వెంట పడడం మంచిదని నా అభిప్రాయం. వాయిదాలకు ఒప్పుకోవాలని నీకే అనిపిస్తే, నీ వైద్యం ఒక కొలిక్కి వచ్చాక, నీ బీమా సంస్థ రాతపూర్వకంగా సరేనన్నాక ఒప్పుకో. ఆ అబ్బాయి మీద జాలి పడవద్దని అనను. అడిగితే వినకుండా పోయే మనిషివి కావు, నాకు తెలుసు.

కారు నష్టం వరకే అయితే వకీలు లేకుండా నువ్వు నడపగలవు. డాక్టరు ఏదైనా గాయమని అంటే మాత్రం ఒక్కసారి వకీలును కలిసి, వ్యవహారం మొత్తం చెప్పి, ఆ తరువాత నిర్ణయించుకో. బీమా వాళ్ళు ఫోనులో అడిగినప్పుడు "నాకేమీ కాలేదండీ" అని అలవాటుగా అనేయకు, "డాక్టరు చూడవలసి ఉంది" అని చెప్పు. ప్రతి ఫోను తరువాత తేదీ, సమయం, మాట్లాడినవారి పేరు, వాళ్ళు చెప్పింది ఒక పుస్తకంలో రాసుకో. ఖర్చుల రసీదులన్నీ ఒకే సంచిలో వెయ్యి.

రేపు డాక్టరు ఏమన్నాడో సాయంత్రానికి నాకు చెప్పు. మీ నాన్న చేత కబురు పంపించకు, నువ్వే మాట్లాడు. మెడ అటూ ఇటూ తిప్పి చూసి, చేతివేళ్ళన్నీ ముడిచి విప్పి చూసి, ఎలా ఉందో దాచకుండా చెప్పు. మామయ్య కూడా అడగమన్నారు.

ఇట్లు,
మీ అత్తయ్య