పేద దేశం అప్పు రద్దుకు, అడవి రక్షణకు లంకె ఎలా కుదురుతుంది?

తీరుస్తుందో లేదో అన్న అనుమానం ఉన్న దేశం బాకీ పత్రాలు మార్కెట్లో ముఖవిలువ కంటే బాగా తక్కువకు దొరుకుతాయి. కిటుకంతా అక్కడే ఉంది. 1987లో బొలీవియా బాకీలో 6.5 లక్షల డాలర్ల పత్రాలను కన్జర్వేషన్ ఇంటర్నేషనల్ అనే ప్రకృతి పరిరక్షణ సంస్థ లక్ష డాలర్లకే కొని రద్దు చేసింది. బదులుగా బెని అభయారణ్యానికి చట్టరక్షణ ఇస్తామని, నిర్వహణకు స్థానిక కరెన్సీలో 2.5 లక్షల డాలర్లకు సమానమైన నిధి పెడతామని ప్రభుత్వం ఒప్పుకుంది.

చిక్కు వచ్చేది ఆ నిధి దగ్గరే. బొలీవియాలోనూ ఆ సొమ్ము ఆలస్యంగానే అందింది. పైగా స్థానిక కరెన్సీ విలువను ద్రవ్యోల్బణం తినేస్తుంది కాబట్టి ఆ నిధికి ప్రభుత్వం కట్టే వాయిదాలను డాలర్‌తోనో ధరల సూచీతోనో ముడిపెట్టాలి. అంతకంటే ముఖ్యం: ఆ అడవిలో తరతరాలుగా బతుకుతున్న చిమానె ప్రజలను ఒప్పందానికి ముందు సరిగా సంప్రదించలేదు. అది పెద్ద తప్పు. ఇక, దేశం మొత్తం బాకీలో దీనివల్ల తగ్గింది చాలా స్వల్పం.